తరగతి గదిలో సమ్మతి: లెక్కల పట్ల, కంప్యూటింగ్ పట్ల విద్యార్థుల వైఖరిని అడిగేటప్పుడు

సెమిస్టరు మొదటి వారంలో, పాఠాలు ఇంకా ఊపందుకోకముందే, అధ్యాపకులు తరగతిలో ఒక ప్రశ్నావళి పంచుతారు. అందులో ముప్ఫై వాక్యాలుంటాయి. ‘లెక్కల పరీక్ష అనగానే నాకు గుండె దడ పుడుతుంది’, ‘ప్రోగ్రాం పనిచేయకపోతే తప్పెక్కడుందో నేనే వెతికి పట్టుకోగలను’, ‘కంప్యూటర్ సైన్సు నాలాంటివాళ్లకు సరిపడేది కాదు’ వంటి ఒక్కొక్క వాక్యానికీ ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ మొదలుకొని ‘అసలు ఒప్పుకోను’ వరకు ఉన్న ఐదు గడుల్లో ఒకదానిలో టిక్కు పెట్టాలి. పది నిమిషాల పని. ఎవరూ సూది గుచ్చరు, మందు మింగించరు, రక్తం తీసుకోరు. అందుకే పరిశోధనకు కొత్తగా వచ్చినవారు, పదిమందిలో తొమ్మిదిమందైనా, మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇంత చిన్నదానికి రెండు పేజీల సమ్మతి పత్రం దేనికి?

ఆ ప్రశ్న సహజమైనదే. వైఖరిని కొలిచే ప్రశ్నావళి వల్ల ఒంటికి తగిలే దెబ్బ ఏదీ లేదు. పరిశోధనల నైతికతను పరిశీలించే కమిటీలు కూడా ఇలాంటి అధ్యయనాలను మామూలుగా అతి తక్కువ ప్రమాదం ఉన్నవాటి జాబితాలోనే వేస్తాయి. అయితే ఇక్కడ చూడవలసింది ప్రశ్న ఎలాంటిదని మాత్రమే కాదు, అడుగుతున్నది ఎవరని. అధ్యాపకుల చేతిలో మార్కులుంటాయి, సిఫారసు లేఖ ఉంటుంది, వచ్చే ఏడాది ప్రాజెక్టులో ఎవరిని తీసుకోవాలన్న నిర్ణయం ఉంటుంది. వారు ఎంత ఆప్యాయంగా ‘మీకిష్టమైతేనే’ అన్నా, ఎదుట కూర్చున్నవారి మనసులో ‘ఇష్టం లేదంటే ఏమనుకుంటారో’ అన్న శంక మెదలకుండా ఉండదు. కాబట్టి తరగతి గదిలో తీసుకున్న సమ్మతి ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే ‘సరే’ అన్నవారి సంతకాలు లెక్కపెడితే చాలదని నా అభిప్రాయం. ‘వద్దు’ అనాలనుకున్న విద్యార్థి నిశ్చింతగా ఆ మాట అనగలిగాడా, అన్నందువల్ల అతనికి ఏమైనా పోయిందా, అన్నది ఎవరో అధ్యాపకులకు తెలిసిపోయిందా అని అడగాలి. ఈ విషయంలోని చిక్కుముళ్లన్నీ దాదాపు అక్కడికే వచ్చి చేరతాయి.

పరిశోధకులు ‘ఇన్‌ఫార్మ్డ్ కన్సెంట్’ అని పిలిచే ఈ పద్ధతి, అంటే విషయం తెలుసుకుని, ఎరుకతో ఇచ్చే సమ్మతి, బడుల్లో పుట్టినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత, నాజీ వైద్యుల విచారణ ముగింపులో, 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళిలోని పది సూత్రాల్లో మొట్టమొదటిదే, ప్రయోగానికి లోనయ్యే మనిషి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అన్నది. 1964లో ప్రపంచ వైద్య సంఘం, మనుషులపై జరిగే వైద్య పరిశోధనలకు నైతిక సూత్రాలు చెబుతూ, హెల్సింకీ ప్రకటన చేసింది. ఈ మాటలన్నీ కాగితం మీదికి వచ్చాక కూడా ఆగకుండా, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, టస్కీగీలో, ప్రజారోగ్య శాఖ 1932 నుంచి 1972 వరకు నలభై ఏళ్లపాటు సుమారు 600 మంది నల్లజాతి పురుషులపై సిఫిలిస్ అధ్యయనం నడిపింది. వ్యాధి ఉన్నవారికి ఆ సంగతి చెప్పలేదు. పెన్సిలిన్‌తో అది నయమవుతుందని తేలిన తర్వాత కూడా మందు అందనివ్వలేదు. పత్రికల ద్వారా అది బయటపడ్డాక, మనుషులపై జరిగే పరిశోధనల గురించి 1974లో అమెరికా చట్టం చేసింది, ఆ చట్టం కింద ఏర్పడిన సంఘం 1979లో బెల్మాంట్ నివేదిక ప్రచురించింది.

బెల్మాంట్ నివేదిక సమ్మతిని మూడు భాగాలుగా విడదీసి చూపుతుంది: కావలసిన సమాచారం ఇవ్వడం, అది అవతలివారికి అర్థం కావడం, ఒత్తిడి లేకుండా వారే నిర్ణయించుకోవడం. ఆసుపత్రిలో జరిగే పరిశోధనలో మొదటి రెండూ బరువైనవి, ఎందుకంటే మందు ఎలా పనిచేస్తుందో, దాని వల్ల ఏ హాని కలగవచ్చో మామూలు మనిషికి వివరించడమే పెద్ద పని. తరగతి గదిలో అలా కాదు. ‘లెక్కలంటే మీకు భయమా’ అన్న ప్రశ్నను అర్థం చేసుకోవడం ఎవరికీ కష్టం కాదు. మూడవదే, అంటే స్వేచ్ఛగా ఒప్పుకోవడమే, అసలు సమస్య. చాలా సమ్మతి పత్రాలు వైద్య పరిశోధనల నమూనాలను చూసి రాసినవి కావడం వల్ల సమాచారానికి పేజీన్నర కేటాయించి, స్వేచ్ఛకు ‘పాల్గొనడం పూర్తిగా మీ ఇష్టం’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడతాయి. ఆ వాక్యం నిజమయ్యేలా ఏర్పాట్లు చేయడం మాత్రం ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

ఆ వాక్యం ఎలా అబద్ధమవుతుందో ఒకసారి వెనక బెంచీలో కూర్చుని కళ్లారా చూశాను. అధ్యాపకురాలు సమ్మతి పత్రం బిగ్గరగా చదివి వినిపించారు; మంచిగానే చదివారు, సందేహాలుంటే అడగమన్నారు. తర్వాత ‘ఇష్టమైనవాళ్లు సంతకం చేసి, ప్రశ్నావళి పూర్తి చేసి ముందుకు పంపండి, మిగతావాళ్లు కాసేపు ఏదైనా చదువుకోండి’ అన్నారు. నాకు రెండు వరుసల ముందు కూర్చున్న ఒకబ్బాయి పత్రాన్ని తిరగేసి పెట్టి, పుస్తకం తీశాడు. ఐదు నిమిషాల్లో అతని చుట్టూ అందరూ తలలు వంచి టిక్కులు పెడుతుంటే, తల ఎత్తి ఉన్నది అతనొక్కడే. పక్కనున్నమ్మాయి అతని వైపు ఒకసారి చూసింది. అధ్యాపకురాలు కూడా చూశారు. ఆ చూపులో కోపం లేదు, కేవలం చూశారు. అతను పుస్తకం మూసి, పత్రాన్ని వెనక్కి తిప్పి, సంతకం చేసి, అన్ని వాక్యాలకూ మధ్య గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయాడు. ఆ కాగితం కూడా లెక్కలోకి వెళ్లే ఉంటుంది.

అతన్ని ఎవరూ బెదిరించలేదు, బలవంతపెట్టలేదు. అతను ఒప్పుకున్నది మొహమాటం వల్ల. నైతిక నియమావళులు ‘బలవంతం’, ‘అనుచిత ప్రభావం’ అనే రెండు మాటలు వాడతాయి కానీ, తరగతి గదిలో జరిగేదానికి మన ‘మొహమాటం’ కంటే సరిపోయే మాట లేదు. ఎదుటి మనిషి ముఖం చూసి కాదనలేకపోవడం అందులోనే ఉంది. మన భాషలోనే మరో సంగతి గమనించవచ్చు. పరిశోధకులు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ‘నలభైమంది చేత సంతకాలు పెట్టించాం’, ‘ఫారాలు నింపించేశాం’ అంటారు. ‘పెట్టారు’ అనవలసిన చోట ‘పెట్టించాం’ అన్న మాట వచ్చిందంటే, సమ్మతి ఎవరిదన్న ప్రశ్నకు జవాబు అప్పటికే జారిపోయిందన్నమాట.

దీనికి విరుగుడు ఉంది, అది ఖర్చుతో కూడినది కూడా కాదు. ముందుగా, సమ్మతి అడిగే మనిషి పాఠం చెప్పే మనిషి కాకూడదు. ఆ తరగతితో మార్కుల సంబంధం లేని మరొకరు వచ్చి అడగాలి, అప్పుడు అధ్యాపకులు గది బయట ఉండాలి. రెండవది, ఒప్పుకున్నవారూ ఒప్పుకోనివారూ ఒకే పని చేస్తున్నట్టు కనిపించాలి: పత్రం మీద ‘ఒప్పుకుంటున్నాను’, ‘ఒప్పుకోవడం లేదు’ అని రెండు గడులూ ఉంచి, అందరూ ఏదో ఒకదానిలో టిక్కు పెట్టి, అందరూ ఒకేలాంటి కవరులో పెట్టి అంటించి ఇస్తే, తల ఎత్తి ఒంటరిగా కూర్చునేవారు ఉండరు. మూడవది, ఆ కవర్లు సెమిస్టరు మార్కులు ఖరారయ్యేవరకు అధ్యాపకుల చేతికి రాకూడదు, ఎవరు ఒప్పుకున్నారో అప్పటివరకు వారికి తెలియకూడదు, ఆ సంగతి విద్యార్థులకు ముందే చెప్పాలి. ఈ చివరిది చాలామంది పాటిస్తారు కానీ విద్యార్థులకు చెప్పడం మరచిపోతారు. మార్కులు వేసేటప్పుడు తమ జవాబు అధ్యాపకులకు తెలియదన్న సంగతి విద్యార్థికి తెలియకపోతే, ఆ ఏర్పాటు వల్ల అతని మొహమాటం ఒక్క పిసరు కూడా తగ్గదు.

అదనపు మార్కుల ప్రశ్న కూడా ఇక్కడిదే. పాల్గొన్నవారికి రెండు మార్కులు కలుపుతామనడం చాలాచోట్ల ఉన్నదే. మార్కుల అంచున ఉన్న విద్యార్థికి ఆ రెండు మార్కులు చాలా పెద్దవి, పైగా లెక్కలంటే భయపడేవారిలో అంచున ఉన్నవారు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. మార్కులు ఇవ్వదలిస్తే, పాల్గొననివారికి అంతే సమయం, అంతే శ్రమ పట్టే మరో పని చూపించి, దానికీ అవే రెండు మార్కులు ఇవ్వాలి. పది నిమిషాల ప్రశ్నావళికి బదులుగా ఐదు పేజీల వ్యాసం రాయమంటే అది ప్రత్యామ్నాయం కాదు, జరిమానా.

ఇక రెండవ చిక్కుముడికి వద్దాం. విద్యార్థి అసలు దేనికి ఒప్పుకుంటున్నాడు? ఇది వినడానికి తేలికగా ఉంటుంది కానీ, నేను చదివిన పత్రాల్లో ఎక్కువ తికమక ఇక్కడే ఉంది. ఒకే తరగతిలో మూడు వేర్వేరు పనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. పాఠంలో భాగంగా అందరూ చేయవలసిన పని ఒకటి: ప్రోగ్రాములు రాయడం, పరీక్షలు రాయడం, కొన్ని తరగతుల్లో ‘ఈ వారం నేనేం నేర్చుకున్నాను’ అని రాసి ఇవ్వడం. కేవలం పరిశోధన కోసం చేసే పని రెండవది: వైఖరి ప్రశ్నావళి, ఇంటర్వ్యూ. ఇప్పటికే ఉన్న వివరాలను పరిశోధనకు వాడుకోవడం మూడవది: మార్కులు, హాజరు, విద్యార్థి ఎన్నిసార్లు ప్రోగ్రాం నడిపి చూశాడో, ఏ అర్ధరాత్రి సమర్పించాడో నమోదైన సర్వర్ లాగ్‌లు.

మొదటిదానికి సమ్మతి అడగడంలో అర్థం లేదు, ఎందుకంటే అది చదువులో భాగం; వద్దనే వీలు లేనిచోట ‘మీకు సమ్మతమేనా’ అని అడగడం విద్యార్థిని తికమకపెట్టడమే. రెండవదానికి సమ్మతి కావాలి, ‘ప్రశ్నావళికి జవాబులిస్తాను’ అని. మూడవదానికి విడిగా సమ్మతి కావాలి, ‘నా మార్కులను, నా లాగ్‌లను ఆ జవాబులతో కలిపి చూడవచ్చు’ అని. ఈ రెండింటినీ ఒకే సంతకం కింద కట్టేస్తే, ప్రశ్నావళికి సంతోషంగా జవాబిచ్చే విద్యార్థి కూడా, తెలియకుండానే, తన మార్కుల పట్టీని బయటివారికి అప్పగించినట్టవుతుంది. అమెరికాలో 1974 నాటి విద్యా రికార్డుల గోప్యతా చట్టం, ఫెర్పా, విద్యార్థి రికార్డులను బయటివారికి ఇవ్వడానికి రాతపూర్వక అనుమతి కావాలన్న నియమం పెట్టి, కొన్ని మినహాయింపులు ఇచ్చింది. చట్టం ఏ దేశానిదైనా పత్రంలో విడివిడి గడులు పెట్టడానికి ఎవరూ అడ్డు చెప్పరు: ప్రశ్నావళికి ఒకటి, మార్కులకు ఒకటి, లాగ్‌లకు ఒకటి, ఇంటర్వ్యూలో అన్న మాటలను పేరు లేకుండా ఉటంకించడానికి మరొకటి. నాలుగింటిలో రెండింటికే ఒప్పుకున్న విద్యార్థి వివరాలను విడిగా సర్దుకోవడం పరిశోధకులకు కాస్త శ్రమే. ఆ శ్రమ పడవలసింది మాత్రం వారే.

కొన్నిసార్లు ప్రశ్నావళి కూడా మొదటి కోవలోకే వస్తుంది. అధ్యాపకులు తమ బోధనను మెరుగుపరచుకోవడానికి తరగతి అంతటి చేత దాన్ని రాయిస్తారు, అది పాఠ్యప్రణాళికలోనే ఉంటుంది. అప్పుడు జవాబు రాయాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. రాసిన జవాబును పరిశోధనా పత్రంలో వాడుకోవచ్చా అన్నదే ప్రశ్న. ఈ తేడాను పత్రంలో మొదటి వాక్యంలోనే చెప్పాలి, లేకపోతే ‘నేను వద్దన్నాను కదా, మళ్లీ ఈ కాగితం నాకెందుకు ఇచ్చారు’ అని విద్యార్థి అనుకోవడం న్యాయమే.

సమాచారం విషయానికి వస్తే, భాష సంగతి ముందు చెప్పాలి. ఒక సమ్మతి పత్రంలో ఇలాంటి వాక్యం కనిపించవచ్చు: ‘ఈ అధ్యయనము యొక్క లక్ష్యము గణిత మరియు గణన శాస్త్రముల యందు అభ్యాసకుల భావాత్మక దృక్పథములను పరిమాణాత్మకముగా మదింపు చేయుట.’ దీన్నే ‘లెక్కల గురించి, ప్రోగ్రామింగ్ గురించి మీరేమనుకుంటున్నారో, సెమిస్టరు గడిచేకొద్దీ ఆ అభిప్రాయం మారుతుందో లేదో తెలుసుకోవాలనుకుంటున్నాం’ అని రాయవచ్చు. రెండవ వాక్యంలో ఏ వివరమూ పోలేదు, పైగా ఇదే ప్రశ్నావళి సెమిస్టరు చివర మళ్లీ వస్తుందన్న సూచన కూడా చేరింది. అమెరికాలో పరిశోధనల్లో పాల్గొనేవారి రక్షణకు 1991లో వచ్చిన ‘కామన్ రూల్’ను 2017లో సవరించినప్పుడు చేర్చిన ఒక నియమం ఇదే తోవలోనిది: నిర్ణయించుకోవడానికి అవసరమైన ముఖ్య విషయాలు పత్రం మొదట్లోనే, క్లుప్తంగా ఉండాలి.

అయితే వైఖరి పరిశోధనల్లో సమాచారానికి సంబంధించి మరో ఇరుకు ఉంది, వైద్యంలో ఇది ఇంత సూటిగా ఎదురుకాదు. చెప్పిన సమాచారమే కొలతను మార్చేయగలదు. ‘అమ్మాయిలు కంప్యూటింగ్‌కు ఎందుకు దూరమవుతున్నారో తెలుసుకోవడానికి ఈ సర్వే చేస్తున్నాం’ అని పత్రంలో మొదటి వాక్యంగా రాశామనుకోండి. దాన్ని చదివిన అమ్మాయికి, తనలాంటివాళ్లు దూరమవుతున్నారన్న మాట జవాబు రాయకముందే చెవిలో పడింది. 1999లో మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టీవెన్ స్పెన్సర్, క్లాడ్ స్టీల్, డయేన్ క్విన్ ప్రచురించిన ప్రయోగాల్లో, కష్టమైన లెక్కల పరీక్షకు ముందు ‘ఈ పరీక్షలో ఆడవారికీ మగవారికీ తేడా కనిపిస్తుంది’ అని చెప్పినప్పుడు ఆడవారి మార్కులు తగ్గాయి, తేడా ఉండదని చెప్పినప్పుడు ఆ అంతరం కనిపించలేదు. ఆ ప్రభావం నిజంగా ఎంత బలమైనదన్న విషయంపై తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. అయినా, కొలవబోయే విషయాన్ని ముందుగానే చెప్పడం జవాబును తాకవచ్చన్న జాగ్రత్త మాత్రం ఎవరూ కాదనలేనిది.

అలాగని అబద్ధం చెప్పకూడదు. ‘చదువు గురించి మీ అభిప్రాయాలు’ అని స్థూలంగా చెప్పడం వేరు, ‘ఇది గ్రంథాలయం వాడకంపై సర్వే’ అని తప్పుదారి పట్టించడం వేరు. నిజమైన పరికల్పనను మొదట్లో పూర్తిగా విప్పకుండా, సాధారణ ఉద్దేశం నిజాయితీగా చెప్పి, చివరి ప్రశ్నావళి పూర్తయిన తర్వాత ‘మేము ప్రత్యేకంగా చూడదలచింది అబ్బాయిల జవాబులకూ అమ్మాయిల జవాబులకూ మధ్య తేడాను’ అని వివరించి, అప్పుడు కూడా జవాబులను వెనక్కి తీసుకునే వీలు ఇవ్వడం నాకు సరైన మార్గంగా తోస్తుంది. విద్యార్థి ఒప్పుకోవాలా వద్దా అన్న నిర్ణయాన్ని మార్చగల వివరం ఏదైనా ఉంటే దాన్ని మాత్రం ఏ కారణంతోనూ దాచకూడదు. జవాబులను మార్కులతో కలుపుతున్నామన్నది అలాంటి వివరమే.

ప్రశ్నావళిలో ఏముందన్నది కూడా సమాచారమే. ఎలిజబెత్ ఫెనెమా, జూలియా షెర్మన్ 1976లో ప్రచురించిన గణిత వైఖరి కొలమానాలు ఈ రంగంలో ఎంతో వాడుకలో ఉన్నవి. అందులో మొత్తం తొమ్మిది కొలమానాలున్నాయి: ఆత్మవిశ్వాసం, ఆందోళన, గణితం ఉపయోగం మీద నమ్మకం, గణితం మగవారి రంగమన్న భావన వంటివి. వాటిలో మూడు మాత్రం విద్యార్థి గురించి అడగడంతో ఆగవు. తన గణితం చదువు గురించి తల్లి ఏమనుకుంటుందో, తండ్రి ఏమనుకుంటాడో, అధ్యాపకులు ఏమనుకుంటారో విద్యార్థికి ఎలా అనిపిస్తోందని అడుగుతాయి. ‘లెక్కల పట్ల మీ వైఖరి’ అని మాత్రమే చెప్పిన పత్రం ఈ మూడింటికీ విద్యార్థిని సిద్ధం చేయదు. నాన్న తన మీద నమ్మకం పెట్టుకోలేదన్న సంగతి కాగితం మీద రాయవలసి వస్తుందని ఆ ప్రశ్నావళి అందుకున్న అమ్మాయి ఊహించి ఉండదు. తనకు మార్కులు వేసే మనిషి గురించి రాయవలసి వస్తుందనీ ఊహించి ఉండదు. కాబట్టి పత్రంలో ‘కొన్ని ప్రశ్నలు మీ కుటుంబం గురించి, అధ్యాపకుల గురించి ఉంటాయి, ఇష్టం లేని ఏ ప్రశ్ననైనా వదిలేయవచ్చు’ అన్న వాక్యం ఉండాలి. ఆన్‌లైన్ ప్రశ్నావళి అయితే, జవాబివ్వనిదే తర్వాతి పేజీకి పోనివ్వని అమరికను తీసేయాలి. పత్రంలో వదిలేయవచ్చని రాసి, తెర మీద వదలనివ్వకపోవడం నేను పదేపదే చూసిన లోపం.

ఆన్‌లైన్ అన్నాక ‘నేను అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ సంగతి రాకుండా ఉండదు. ఫేస్‌బుక్ 2012 జనవరిలో 6,89,003 మంది వాడుకదారుల న్యూస్ ఫీడ్‌ను మార్చి, వారి భావోద్వేగాల మీద ప్రభావం చూసిన అధ్యయనం 2014లో వెలువడినప్పుడు, ఖాతా తెరిచేటప్పుడు షరతులకు ఒప్పుకోవడమే సమ్మతి అని రచయితలు అన్నారు. ఆ పత్రాన్ని ప్రచురించిన జర్నలే తర్వాత ఆందోళన తెలుపుతూ సంపాదకీయ ప్రకటన జోడించింది. విద్యార్థులు వాడే ప్రోగ్రామింగ్ వేదికలకూ ఇదే వర్తిస్తుంది: కోర్సులో చేరేటప్పుడు నొక్కిన బటన్‌ను రెండేళ్ల తర్వాత పరిశోధనకు సమ్మతిగా చూపడం కుదరదు.

పిల్లల విషయం వేరేగా చెప్పుకోవాలి, ఎందుకంటే లెక్కల పట్ల భయమైనా ఇష్టమైనా బడి వయసులోనే మొదలవుతుంది, పరిశోధకులు వెళ్లేదీ అక్కడికే. మైనర్ల విషయంలో సమ్మతి రెండుగా చీలుతుంది: తల్లిదండ్రుల అనుమతి ఒకటి, పిల్లల సొంత అంగీకారం మరొకటి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని చెబుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు, వైద్య, ఆరోగ్య పరిశోధనల కోసం రాసినవే అయినా, ఇక్కడ మంచి కొలబద్ద ఇస్తాయి: 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నుంచి నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్లవారి నుంచి రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. అమ్మ సంతకం చేసింది, పిల్లవాడు వద్దంటున్నాడు; ప్రశ్నావళి విషయంలో పిల్లవాడి మాటే చెల్లాలి.

తల్లిదండ్రుల అనుమతి తీసుకోవడంలో రెండు పద్ధతులున్నాయి. సంతకం చేసిన కాగితం తిరిగి వస్తేనే పిల్లలను చేర్చుకోవడం ఒకటి. ‘మీకు అభ్యంతరమైతేనే ఈ కాగితం తిప్పి పంపండి’ అని చెప్పి, తిరిగి రాకపోతే ఒప్పుకున్నట్టే భావించడం మరొకటి. రెండవది మన ‘మౌనం అర్ధాంగీకారం’ అన్న సామెత మీద నడిచే పద్ధతి. సామెతలోనే జవాబుంది: అది అర్ధాంగీకారమే. కాగితం సంచీ అడుగున నలిగి ఉండవచ్చు, ఆ ఇంట్లో ఎవరికీ ఆ భాష చదవడం రాకపోవచ్చు. అయినా మొదటి పద్ధతినే పట్టుకుని కూర్చుంటే మరో నష్టం ఉంది, దాన్ని నేను తేలికగా తీసుకోలేను. కాగితాలు తిరిగి పంపేది ఎక్కువగా తీరిక, చదువు ఉన్న కుటుంబాలు. అప్పుడు లెక్కలంటే ఎక్కువ ఇబ్బందిపడే పిల్లలే అధ్యయనంలో లేకుండా పోవచ్చు, ‘పిల్లల వైఖరి బాగానే ఉంది’ అన్న ఫలితం వారి చదువుకే చేటు చేయవచ్చు. పేరు లేని, మార్కులతో ముడిపెట్టని, ఇంటి విషయాలు అడగని చిన్న ప్రశ్నావళికి రెండవ పద్ధతి సరిపోవచ్చుననీ, మార్కులు కలిపినా ఇంటర్వ్యూ చేసినా మొదటి పద్ధతే కావాలనీ నా అభిప్రాయం. కాగితం రాని ఇళ్లకు ఫోను చేసి, వారి భాషలో చెప్పడం ఈ ఇరుకును చాలావరకు తప్పిస్తుంది.

కళాశాల మొదటి సంవత్సరంలో పదిహేడేళ్లవారు ఉంటారన్నది పరిశోధకులు తరచూ మరచిపోయే విషయం. అమెరికా ఉదాహరణే చూస్తే, ఫెర్పా ప్రకారం కళాశాలలో చేరిన విద్యార్థి వయసు ఎంతైనా రికార్డుల మీద హక్కులు అతనివే. పరిశోధనా నిబంధనల ప్రకారం మాత్రం, చాలా రాష్ట్రాల్లో, పద్దెనిమిది నిండేవరకు అతను మైనరే. అంటే తన మార్కుల పట్టీకి తానే అనుమతి ఇవ్వగల విద్యార్థి ప్రశ్నావళికి ఇంటి నుంచి అనుమతి తేవలసి రావచ్చు. ఎక్కువమంది పరిశోధకులు పద్దెనిమిది నిండనివారి జవాబులను పక్కన పెట్టి ఈ ఇబ్బందిని దాటుతారు. ఆ పని చేస్తే ఆ సంగతి వారికి ముందే చెప్పాలి, రాయించుకున్న తర్వాత పారేయకూడదు.

‘మీ జవాబులు ఎవరివో ఎవరికీ తెలియదు’ అన్న వాక్యం దాదాపు ప్రతి పత్రంలో ఉంటుంది, చాలా పత్రాల్లో అది నిజం కాదు. పేరే లేకపోవడం ఒకటి, పేరు తెలిసినా బయటపెట్టకపోవడం మరొకటి. సెమిస్టరు మొదట్లో, చివర్లో ఒకే విద్యార్థి ఇచ్చిన జవాబులను పోల్చాలంటే ఆ రెండు కాగితాలనూ కలిపే గుర్తు ఏదో ఒకటి ఉండాలి. ఉంటే అది అజ్ఞాతం కాదు, గోప్యత మాత్రమే. విద్యార్థే తయారుచేసుకునే సంకేతం, అంటే తల్లి పేరులో మొదటి రెండక్షరాలు, పుట్టిన తేదీలో రోజు వంటివి కలిపి రాయించడం, మధ్యే మార్గం. చిన్న తరగతిలో అది కూడా పలచని తెరే. పుట్టిన తేదీ, స్త్రీ పురుష భేదం, పోస్టల్ కోడ్ ఈ మూడూ ఉంటే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించే అవకాశం ఉందని లతన్యా స్వీనీ 2000లో లెక్కకట్టి చూపారు. నలభైమంది ఉన్న ప్రోగ్రామింగ్ తరగతిలో ఐదుగురే అమ్మాయిలుంటే, వారిలో ఒకరే వేరే శాఖ నుంచి వచ్చి ఉంటే, ‘స్త్రీ’ అన్న గడి, శాఖ అన్న గడి కలిసి పేరు రాసినదానితో సమానం.

ఉపసంహరణ మాట కూడా దీనితోనే ముడిపడి ఉంది. ‘ఎప్పుడైనా వైదొలగవచ్చు’ అని రాసి, ఏ గుర్తూ లేకుండా ప్రశ్నావళి తీసుకుంటే, మరునాడు వచ్చి నా కాగితం తీసేయమన్న విద్యార్థికి ఇవ్వడానికి పరిశోధకుల దగ్గర ఏ దారీ లేదు, ఎందుకంటే ఏది అతనిదో వారికే తెలియదు. ‘సమర్పించేవరకు ఎప్పుడైనా మానేయవచ్చు, సమర్పించాక మీది ఏదో మాకు తెలియదు కాబట్టి తీయలేం’ అని రాస్తే అది నిజం. ఇలాంటి అజ్ఞాత సర్వేలో సంతకం ఉన్న సమ్మతి పత్రమే విద్యార్థి పేరు బయటపెట్టే ఏకైక కాగితం అవుతుంది. అందుకే ప్రమాదం తక్కువగా ఉన్నచోట సంతకం లేకుండా సమ్మతి తీసుకోవడానికి అమెరికా నిబంధనలు వీలిస్తాయి. సంతకం లేనంత మాత్రాన సమ్మతి లేనట్టు కాదు. అలాగే కమిటీ ఒక అధ్యయనానికి పూర్తి సమీక్ష నుంచి మినహాయింపు ఇచ్చిందంటే, అది పరిశోధకులకు ఇచ్చిన వెసులుబాటు. విద్యార్థికి చెప్పవలసింది చెప్పకుండా ఉండేందుకు ఇచ్చిన వీలు కాదు.

చివరగా, ఫలితాలు రాసేటప్పుడు ఎదురయ్యే ఒక విషయం. ఒక తరగతిలో అరవైమంది ఉన్నారనీ, నలభై ఏడుగురు ఒప్పుకున్నారనీ అనుకుందాం. పరిశోధనా పత్రంలో ఆ రెండు సంఖ్యలూ రాయాలి. పదమూడుమంది వద్దన్నారన్న సంగతి పాఠకులకు తెలిస్తేనే మిగతా నలభై ఏడుగురి జవాబులను ఎంత విస్తరించి చదవవచ్చో వారు తేల్చుకోగలరు. అప్పుడు సమీక్షకులు తప్పకుండా అడుగుతారు: ఆ పదమూడుగురి సగటు మార్కులు ఎంత, వారు మిగతావారి కంటే వెనకబడినవారా, పోల్చి చూపగలరా? గణాంకాల దృష్టిలో అది మంచి ప్రశ్న. ఆ మార్కులు అధ్యాపకుల దగ్గర ఉన్నాయి కూడా, ఒక్క క్లిక్కుతో తెరుచుకుంటాయి. అయినా ఆ పట్టికలో వారి గడిని ఖాళీగా ఉంచాలి, దాని కింద ‘వీరు తమ వివరాలు వాడడానికి ఒప్పుకోలేదు’ అని రాయాలి.